ఆ ఇంట్లో అనని మాట

"నువ్వసలు తల్లివేనా?"

అనేశాక అక్కే బిత్తరపోయింది. చేతిలో మందుల కవరుతో గోడ వైపు తిరిగి నిలబడింది.

తల్లి కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. సూది కింద స్కూలు చొక్కా కాలరు సగం కుట్టి ఆగిపోయింది. పాదం పెడలు మీదే ఉంది కాని కదలడం లేదు.

"చెప్పమ్మా. ప్రతి ఏడాదీ తీసుకురమ్మన్నారా, లేదా?"

"అన్నారు."

"గుండె చూడాలి, మర్చిపోవద్దు అని చెప్పారా, లేదా?"

"చెప్పారు."

"మరి?"

తల్లి కాలరు అంచు మడిచింది. మళ్లీ విప్పింది.

తండ్రి అద్దం ముందు నిలబడి డ్రైవరు చొక్కా బొత్తాములు పెట్టుకుంటున్నాడు. సిటీ బస్సు నడిపే మనిషి. రోజంతా హారన్ల మధ్య గడిపి వస్తాడు కాబట్టి ఇంట్లో గొంతు లేస్తే ఆయనకు పడదు.

"అయిపోయినవి ఇప్పుడు తవ్వి ఏం లాభమే" అన్నాడు.

"ఏం అయిపోయింది నాన్నా? లోపల తమ్ముడికి పాదాలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి, చూశావా? వాడి పాత చెప్పులు వాడికే పట్టట్లేదు. ఇరవై నాలుగేళ్లకి మా షాపుకొచ్చే ముసలాళ్ల మందులు వాడికి నేను తెచ్చివ్వాలి." కవరు బల్ల మీద పడేసింది. అక్క పనిచేసేది మందుల షాపులో. "పీల్చే మందు కూడా నేనే తెచ్చాను. ఎలా పీల్చాలో నేనే నేర్పాను. ఆస్తమా అని నమ్మాను."

"డాక్టరే కదా అన్నాడు ఆస్తమా అని."

"అంటాడు. సందు చివర డాక్టరు ఆస్తమా అన్నాడు. ఆ తర్వాతాయన కంగారు జబ్బన్నాడు, పెళ్లి చేస్తే సర్దుకుంటుందన్నాడు. అందరూ అడిగారు, చిన్నప్పుడు పెద్ద జబ్బేమైనా చేసిందా అని. పక్కనే కూర్చుని అందరికీ అమ్మ జ్వరమని చెప్పింది."

"జ్వరం కూడా వచ్చింది" అన్నది తల్లి, వినపడీ వినపడకుండా.

అక్క నవ్వింది. ఏడుపు కంటే అధ్వానంగా ఉంది ఆ నవ్వు.

"నిన్న గుండె డాక్టరుకీ అదే చెప్పావు. చొక్కా విప్పించి, భుజం కింద అప్పట్లో మందు గొట్టం పెట్టిన మచ్చ చూసి ఇదేంటని ఆయన అడక్కపోతే ఇవాళ కూడా జ్వరమే. ఏమన్నాడాయన? ఆ జబ్బుకి ఎక్కించిన ఎర్ర మందు కొందరికి గుండెని లోపల్లోపల తినేస్తుంది, ముందే కనిపెడితే మందులతో నిలబెట్టేవాళ్లం అన్నాడు. ఇప్పుడు సగం గుండె కూడా పనిచెయ్యట్లేదన్నాడు. వాడికేం తెలుసు? పద్నాలుగేళ్లవాడు అప్పుడు. తెలిసినదానివి నువ్వు."

తెర వెనక మంచం కిర్రుమంది. ముగ్గురూ అటు చూశారు. తెర కదల్లేదు.

"బస్సుకు వేళవుతోంది" అన్నాడు తండ్రి. టిఫిన్ డబ్బా తీసుకుని, చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పి లోపలికి వచ్చి మంచినీళ్లు తాగాడు. చెప్పులు మళ్లీ వేసుకుని వెళ్లాడు.

అక్క కూడా షాపుకి బయలుదేరింది. గుమ్మం దగ్గర ఆగి అన్నది, "సోమవారం వాణ్ని ఆసుపత్రిలో చేర్చాలి. చేరనంటున్నాడు. నువ్వు ఒప్పిస్తావో, కాళ్లే పట్టుకుంటావో. ఎర్ర మందు ఎంత ఎక్కించారో ఆ పాత ఆసుపత్రిలో కనుక్కురమ్మన్నాడు డాక్టరు. అది కూడా నువ్వే వెళ్లు. ఈసారైనా వెళ్లు."

తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

*

పదేళ్ల కిందట, వైద్యం ముగిసిన రోజున, పిల్లల ఆసుపత్రి మెట్లు దిగుతూ ఆ తల్లి దేవుడికి ఒక మాట ఇచ్చింది. నా బిడ్డను తిరిగి ఇచ్చావు. ఇక ఈ జబ్బు పేరు మా ఇంట్లో ఎవరి నోటా రానివ్వను. ఈ గడప మళ్లీ తొక్కను.

ఏడాదికోసారి తీసుకురమ్మని పెద్ద డాక్టరు చెప్పిన మాట అప్పటికింకా చెవిలోనే ఉంది. కాని ఆయన అన్నట్టు మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోవడం, ఇచ్చినవాణ్ని నిజంగానే ఇచ్చావా అని నిలదీసినట్టే కదా అనుకుంది.

దేవుడు అలాంటి మాట అడిగాడా? ఎవరు చెప్పగలరు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఒక్కటే ఆమెకు తెలిసిన భక్తి.

ఇల్లంతా ఆ మాట కిందకే వచ్చింది. ఆ కాలాన్ని 'ఆ ఏడాది' అనేవాళ్లు. టీవీలో ఆ పేరు వినపడితే రిమోటు కోసం నలుగురూ ఒక్కసారే చెయ్యి చాచేవాళ్లు. తండ్రి నడిపే బస్సు పిల్లల ఆసుపత్రి మీదుగానే పోతుంది. అయినా ఇంట్లో ఆయన ఆ స్టాపును తోట స్టాపు అనేవాడు. అక్కడ తోట అనేది లేదు, రోడ్డు మధ్య నాలుగు పూలకుండీలు తప్ప.

ఆమె తెర తొలగించి లోపలికి వెళ్లింది.

కొడుకు గోడకి రెండు దిళ్లు ఆనించి కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి అందదు. మంచం పక్కన పనిముట్ల సంచి. లిఫ్టులు బాగుచేస్తాడు. తోటి మెకానిక్కులు వాణ్ని 'ఇంజనీరుగారు' అని ఆటపట్టిస్తారు, తాళంచెవుల గుత్తి మెళ్లో వేసుకుని తిరుగుతాడని.

ఆ పనిలోనే వాడి జబ్బు బయటపడింది. లిఫ్టు పాడైతేనే వాణ్ని పిలుస్తారు. మోటారు గది మేడ పైన ఉంటుంది. కాబట్టి ఎప్పుడూ మెట్లెక్కాల్సిందే. నిరుడు రెండో అంతస్తులో ఆగేవాడు. ఈ ఏడు ప్రతి మలుపులోనూ ఆగుతున్నాడు.

"ఇడ్లీ పెట్టనా" అనబోయి, ఉదయం పెట్టింది అలాగే ఉండడం చూసి ఊరుకుంది.

"విన్నావా అక్క మాటలు?"

"వీధిలో వాళ్లు కూడా విని ఉంటారు."

"సోమవారం వెళ్దాంరా."

"వద్దమ్మా."

"ఎందుకు?"

"ఏం చేస్తారు చేర్చుకుని? నీరు తీసి పంపిస్తారు. మళ్లీ పడుతుంది. మళ్లీ తీస్తారు." మధ్యలో ఊపిరి తీసుకుని అన్నాడు. "చూద్దాం అన్నాడు ఆయన. బాగవుతుందని అనలేదు, గమనించావా? పాత మోటారు చూసి నేనూ అంతే. ఇక పని చెయ్యదని నాకు తెలుసు. ఇంటివాళ్ల మొహం చూసి చూద్దాం అంటాను."

"నువ్వు మోటారువా?"

"మోటారైతే బాగుండేది. లిఫ్టుకి అడుగున ఒక బ్రేకు ఉంటుందమ్మా. పైన తాడు తెగినా, రెండు పక్కలా పట్టాలను కరిచి పట్టుకుని ఆపేస్తుంది. మనిషికి పెట్టలేదు మీ దేవుడు."

"పెట్టే ఉంటాడు" అన్నది తల్లి. "మనమే..."

కొంగుతో మంచం పక్కన బల్ల తుడిచింది. దుమ్ము లేదు.

"కోపముంటే నా మీద చూపించరా. నీ ఒంటి మీద చూపించకు."

"నీ మీద కోపం లేదు."

"లేకపోతే అక్క అన్ని మాటలన్నప్పుడు ఒక్కసారైనా పోనీలేవే అనలేదే?"

వాడు కిటికీ వైపు తిరిగాడు. ఎదురింటి డాబా మీద ఎవరో దుప్పట్లు దులుపుతున్నారు. వాళ్లు లోపలికి వెళ్లిపోయినా వాడు అటే చూస్తూ ఉన్నాడు.

*

మధ్యాహ్నం ఆమె భర్త నడిపే బస్సే ఎక్కింది. ముందు సీట్లో, ఆయన వెనకే కూర్చుంది.

"పిల్లల ఆసుపత్రి" అని అరిచాడు కండక్టరు.

ఆమె లేవలేదు. దిగాల్సిన వాళ్లు దిగారు. ఎక్కాల్సిన వాళ్లు ఎక్కారు. కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదల్లేదు.

"ఏమైంది డ్రైవరుగారూ, నిద్రా?" అన్నారెవరో వెనకనుంచి.

తండ్రి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని నేరుగా రోడ్డు వైపే చూస్తున్నాడు. అద్దంలోకి కూడా చూడలేదు. ఆమె లేచి, కమ్మీ పట్టుకుని, దిగింది. అప్పుడు కదిలింది బస్సు.

మెట్ల ముందు ఒక్క క్షణం ఆగి, లోపల్లోపలే క్షమించమని అడిగి, గడప దాటింది.

గోడలకి కొత్త రంగు వేశారు. వాసన మాత్రం పాతదే. బట్టతల పిల్ల ఒకతి తల్లి ఒళ్లో బొమ్మ జుట్టు దువ్వుతోంది. ఆమె చూపు తిప్పుకుంది.

కౌంటరులో అబ్బాయి "పేషంటు వయసు?" అన్నాడు.

"ఇరవై నాలుగు."

"ఇది పిల్లల ఆసుపత్రి అమ్మా."

"ఇక్కడే చేశారు బాబూ, పదేళ్ల కిందట. అప్పుడు ఎర్ర మందు ఎంత ఎక్కించారో కావాలి."

"జబ్బేంటి?"

ఆమె నోరు తెరిచింది.

"రక్తంలో... అది."

"రక్తంలో ఏది?"

వెనక వరసలో వాళ్లు కదిలారు. అబ్బాయి విసుక్కోలేదు గాని, "అంత పాతవి ఉండవమ్మా. పద్దెనిమిది దాటితే పెద్దల ఆసుపత్రిలోనే అడగాలి" అన్నాడు.

"వాళ్లు ఇక్కడ అడగమన్నారు."

"ఇక్కడ అడిగితే నేనదే చెప్తానుగా మరి" అన్నాడు నిజాయితీగా.

పక్కకి తప్పుకుంది. అక్కడే ఆమె భుజం మీద చెయ్యి పడింది.

"లిఫ్టు బాబు వాళ్లమ్మ కదూ మీరు?"

లావుపాటి నర్సు. జుట్టు నెరిసింది గాని నవ్వు మారలేదు. ఆ ఏడాదంతా వాడికి సూదులు పొడిచిందీ, కథలు చెప్పిందీ ఈవిడే.

"సెలైను స్టాండు తోసుకుంటూ పోయి లిఫ్టులో కూర్చునేవాడు. లిఫ్టు తాత చేత గేటు వేయించుకుని, ఇది పైకెలా పోతుంది, కిందకెలా వస్తుంది అని ప్రాణం తీసేవాడు. ఎలా ఉన్నాడండీ?"

తల్లికి ఒక్కసారిగా కన్నీళ్లొచ్చాయి. నర్సు ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టింది.

"గుండె..." అన్నది తల్లి.

"అయ్యో. మందులు సరిగా వాడలేదా?"

"ఏ మందులు?"

"గుండెకేనండీ. అప్పుడొచ్చినప్పుడు పెద్ద డాక్టరుగారు చెప్పారు కదా, వెంటనే మొదలుపెట్టాలని."

"ఎప్పుడొచ్చినప్పుడు?"

నర్సు మొహంలో నవ్వు నెమ్మదిగా తగ్గింది.

"మీసాలొచ్చాక వచ్చాడు కదండీ ఒక్కడూ. నన్ను చూసి నర్సాంటీ అన్నాడు, నేనే గుర్తుపట్టలేదు. పంతొమ్మిదేళ్లుంటాయేమో. వయసు దాటిపోయినా పెద్ద డాక్టరుగారు ఊరుకోలేక గుండె స్కాను తీయించారు. కొంచెం బలహీనపడింది, ఇప్పుడైతే ఆపుకోవచ్చు, పెద్దల ఆసుపత్రికి వెళ్లు, మీ అమ్మానాన్నలకు చెప్పు అన్నారు. ఆ మరుసటేడే రిటైరయ్యారు ఆయన." కాస్త ఆగి అడిగింది. "మీకు చెప్పలేదా?"

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల ఊపింది. అవుననో, కాదనో ఆ నర్సుకి తెలియలేదు.

*

ఇంటికి వచ్చేసరికి సాయంత్రపు ఎండ మంచం మీద పడుతోంది. వాడు అలాగే కూర్చుని ఉన్నాడు. పాదాలు పీట మీద పెట్టుకున్నాడు.

ఆమె నేల మీద, వాడి పాదాల దగ్గర కూర్చుంది.

"నర్సాంటీ కనపడింది" అన్నది.

వాడు కళ్లు మూసుకున్నాడు.

"లావైందా?" అన్నాడు.

"అయింది."

"అప్పుడే లావు."

"నాన్నా" అన్నది తల్లి. చిన్నప్పుడు సూది వేసే ముందు పిలిచేది అలా. "నువ్వు వెళ్లావట."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"వెళ్లాను. పని నేర్చుకునే రోజుల్లో. మెట్లెక్కితే దడ వచ్చేది. ఆ డాక్టరు చిన్నప్పుడు నీతో అన్నది నాకు గుర్తుంది, నేను పక్కనే ఉన్నాను కదా." ఊపిరి కోసం ఆగాడు. "ఆయన చెప్పినట్టే పెద్దల ఆసుపత్రికి కూడా వెళ్లాను. ఎందుకొచ్చావన్నారు. చిన్నప్పుడు జబ్బు చేసింది అన్నాను. ఇప్పుడుందా అన్నారు. లేదన్నాను. లేకపోతే ఇక్కడికెందుకు, గుండె వాళ్ల దగ్గరికెళ్లు అన్నారు. గుండె వాళ్లు, నొప్పి ఉందా అన్నారు. లేదన్నాను. కూర్చోమన్నారు. వరసనిండా తాతలు. ఒకాయన, ఎవరికి తోడొచ్చావు బాబూ అన్నాడు. నవ్వొచ్చింది. లేచి వచ్చేశాను."

"మళ్లీ వెళ్లలేదా?"

"మూడు రోజుల తర్వాత ఉద్యోగంలో చేరమన్నారు. గుండె బాగాలేనివాణ్ని మేడ పైకి ఎవరెక్కనిస్తారు? కొన్నాళ్లు చూద్దామనుకున్నాను. కొన్నాళ్లు బాగానే ఉంది కూడా."

"నాకెందుకు చెప్పలేదురా?"

వాడు కళ్లు తెరిచి తల్లిని చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అదే ఆమె భరించలేకపోయింది.

"ఏమని చెప్పనమ్మా? ఆ మాట ఈ ఇంట్లో అనకూడదు కదా."

ఆమె వాడి పాదం మీద చెయ్యి పెట్టింది. వేలు తీసిన చోట చర్మం గుంటపడి అలాగే ఉండిపోయింది, చాలాసేపు.

"క్యాన్సరు" అన్నది తల్లి.

వాడు ఉలిక్కిపడ్డాడు.

"నీకొచ్చింది క్యాన్సరురా. క్యాన్సరు."

ఏమీ కాలేదు. ఎదురింటి డాబా మీద దుప్పట్లు ఊగుతూనే ఉన్నాయి. దేవుడి ముందు పెట్టిన దీపం ఆరిపోలేదు. వాడి ఊపిరి కూడా తేలిక పడలేదు. పదేళ్లు కాపలా కాసిన మాట, అనేస్తే ఇంతేనా అనిపించింది ఆమెకు.

"అక్కకి చెప్తావా?" అన్నాడు వాడు. "అది నన్ను మన్నించదు. నిన్నైతే ఎప్పటికైనా మన్నిస్తుంది. అందుకే పొద్దున నోరు మూసుకున్నాను. నిన్ను అంతలేసి మాటలంటుంటే వింటూ కూర్చున్నాను."

కింద మెట్ల మీద అడుగుల చప్పుడు. అక్క నడక. రెండేసి మెట్లు ఎక్కే అలవాటు.

తల్లి లేచింది. "సోమవారం చేరు. చెప్పను."

"అమ్మా, అది కాదు..."

"చేరతావా?"

వాడు సమాధానం చెప్పేలోపే తెర తొలిగింది. అక్క మొహం చెమటతో తడిసి ఉంది. చెప్పులు కూడా విప్పలేదు.

"వెళ్లావా? ఏం చెప్పారక్కడ?"

తల్లి కొడుకు వైపు చూడలేదు. తెర వైపు, తెరకి తాను వేసిన కుట్టు వైపు చూస్తూ చెప్పింది.

"పాతవి లేవన్నారు. ప్రతి ఏడాదీ రమ్మని చెప్పాం కదమ్మా, ఒక్కసారైనా తీసుకురాలేదేం అని అడిగారు."

"ఏమన్నావు?"

"ఏమంటాను."

అక్క ఆమెను పైనుంచి కిందకి చూసింది. ఉదయం అన్న మాటకి ఒకవేళ పశ్చాత్తాపపడుతూ వచ్చిందేమో, అది ఇప్పుడు ఆ మొహంలో లేదు.

"ఇక ఈ గదిలోకి నువ్వు రాకు" అన్నది నెమ్మదిగా. "వాడి సంగతి నేను చూసుకుంటాను. సోమవారం కూడా నువ్వు రానక్కర్లేదు."

తల్లి తల వంచుకుని గుమ్మం వైపు నడిచింది.

"అక్కా" అన్నాడు వాడు.

అక్క తిరిగింది. గుమ్మంలో తల్లి ఆగింది.

"అక్కా, అమ్మ కాదు..."

దిళ్ల మీంచి ముందుకి లేచాడు. ఆయాసం మాటకి అడ్డం వచ్చింది. మంచం పట్టె పట్టుకుని, నోరు తెరిచి, గాలి కోసం వెతుక్కుంటున్నాడు. ఇద్దరాడవాళ్లూ రెండు వైపుల నుంచీ వాడి మీదికి వంగారు. వాడి పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"మాట్లాడకు" అన్నది అక్క, వాడి వీపు రాస్తూ. "మాట్లాడకురా, ఏమీ చెప్పకు."